మేళ్ల పద్దు, కీడుల పద్దు

1656లో లండన్‌లో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. రాసినవాడు జాన్ బీడిల్, ఎసెక్స్ ప్రాంతంలో బార్న్‌స్టన్ అనే పల్లె చర్చికి పాదిరి. కృతజ్ఞత గల క్రైస్తవుడు దినచర్య పుస్తకం ఎలా రాసుకోవాలో చెప్పడం దాని ఉద్దేశం. దానికి ముందుమాట రాసిన మరో పాదిరి లోకంలో ఎవరెవరు ఏ పుస్తకాలు రాసుకుంటారో ఏకరువు పెట్టాడు. దుకాణదారు అమ్మకాల పుస్తకం, వర్తకుడు లెక్కల పుస్తకం, వకీలు పాత తీర్పుల పుస్తకం, వైద్యుడు తాను చేసి చూసిన చికిత్సల పుస్తకం, బాటసారి ప్రయాణాల పుస్తకం రాసుకుంటున్నప్పుడు దేవుడి మేళ్లు పొందినవాడు ఎందుకు రాసుకోకూడదని ఆయన ప్రశ్న. ఇవాళ పడుకోబోయే ముందు మూడు మంచి సంగతులు రాసుకోమని చెప్పే నోటు పుస్తకాలు షాపుల్లో దొరుకుతున్నాయి, ఫోన్లలోకీ వచ్చేశాయి. నిత్యజీవితంలో మనసు నిలకడగా ఉండాలంటే ఇదే దారి అని అవి చెబుతాయి. ఆ అలవాటుకు ఇంగ్లిష్‌లో వచ్చిన తొలి కరదీపికల్లో బీడిల్ పుస్తకం ఒకటి. వర్తకుడి పుస్తకంతో పోలికను ఆ కాలపు వాళ్లు మాట వరసకు వాడలేదు, అక్షరాలా నమ్మారు. లెక్కల పుస్తకానికి వచ్చింది ఒకవైపు, పోయింది ఒకవైపు ఉంటాయి. ఆ రెండు వైపులూ ఒకే పుస్తకంలో ఉన్నంతకాలం కృతజ్ఞతా దినచర్య మనిషిని కష్టంలో నిలబెట్టగలిగిందనీ, తరవాతి శతాబ్దాలు ఒక వైపును తీసేశాక దాని బలం తగ్గిందనీ నా వాదన.

ముందు ఆ లెక్కల పుస్తకం సంగతి చూడాలి. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి తన గణితగ్రంథంలో ఒక భాగాన్ని జంటపద్దు విధానానికి కేటాయించాడు. వర్తకుడు మూడు పుస్తకాలు పెట్టుకోవాలన్నాడు. జరిగినది జరిగినట్టు గబగబా రాసే కచ్చా పుస్తకం ఒకటి, దాన్ని వరసలో పెట్టే చిట్టా ఒకటి, ఖాతాలవారీగా తేల్చే ఆవర్జా ఒకటి. ప్రతి పుస్తకాన్నీ దేవుడి పేరుతో మొదలుపెట్టమన్నాడు. కొత్త లెక్కల పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి పైన శ్రీకారం చుట్టే మన వర్తకులకు ఇందులో వింతేమీ కనిపించదు. ఒక సన్యాసి లెక్కలు నేర్పడంలోనే ఆ కాలం తెలుస్తుంది. దేవుడి వ్యవహారానికీ దుకాణం వ్యవహారానికీ మధ్య గోడ ఇంకా లేవలేదు. మరో యాభై ఏళ్లకు, 1548లో, ఇగ్నేషియస్ లొయోలా ఆధ్యాత్మిక సాధనల గ్రంథానికి పోప్ ఆమోదం దొరికింది. జెస్యూట్లు ఇప్పటికీ పాటించే ఆత్మపరీక్ష అందులోనిదే. దానికి అయిదు మెట్లు. పొందిన మేళ్లకు దేవుడికి కృతజ్ఞత చెప్పడం మొదటిది. తన తప్పులు తెలుసుకునే వెలుగు కోరడం, రోజంతా గడియ గడియకూ తిరగేసి చూసుకోవడం, క్షమాపణ వేడుకోవడం, దిద్దుకుంటానని నిశ్చయించుకోవడం తరవాతివి. ఏదైనా ఒక్క దోషాన్ని వదిలించుకోవాలనుకునేవాడికి ఇగ్నేషియస్ ఒక గీతల పటం కూడా ఇచ్చాడు. వారంలో రోజుకు రెండు గీతలు, తప్పు జరిగినప్పుడల్లా గీత మీద ఒక చుక్క. మేళ్లూ తప్పులూ ఒకే విడతలో లెక్కకు వచ్చే ఏర్పాటు అది.

ప్రొటెస్టెంట్లు ఇగ్నేషియస్ సంఘమైన జెస్యూట్లను పగవాళ్లుగానే చూశారు. అయినా ఈ పద్ధతి అవసరం వాళ్లకే ఎక్కువగా పడింది. కేథలిక్కుకు తప్పు చెప్పుకుని తేలికపడటానికి ఎదురుగా ఒక గురువు ఉంటాడు. ఇంగ్లండ్‌లో ప్యూరిటన్లనే కఠిన ప్రొటెస్టెంట్లకు ఆ గురువు లేడు. దేవుడు తనను ఎంచుకున్నాడో లేదో తేల్చిచెప్పే మనిషీ లేడు. ఆ జవాబు తన బతుకులో జరిగిన సంఘటనల నుంచే ఏరుకోవాలి. అందుకని కాగితమే గురువైంది. బీడిల్ తన పుస్తకానికి ఆధారంగా తీసుకున్న బైబిలు వాక్యం ఈ వాదనకు చాలా ముఖ్యం. ఐగుప్తు నుంచి బయలుదేరిన జనం ఎక్కడెక్కడ మజిలీ చేశారో మోషే రాసిపెట్టాడని సంఖ్యాకాండం 33వ అధ్యాయం చెబుతుంది. ఆ జాబితాలో ఏలీము ఉంది, అక్కడ పన్నెండు నీటి ఊటలు, డెబ్బై ఈత చెట్లు. రెఫీదీము కూడా ఉంది, అక్కడ తాగడానికి నీళ్లు లేవు. హోరు కొండ మీద అహరోను చనిపోవడమూ అందులోనే ఉంది. మంచి మజిలీలు మాత్రమే ఏరి రాసిన జాబితా కాదది. బీడిల్ ఏమేమి రాసుకోమన్నాడో చూస్తే ఇదే తీరు: దేశంలో జరిగినవీ ఇంట్లో జరిగినవీ, తప్పించుకున్న ప్రమాదాలు, ప్రార్థనలకు వచ్చిన జవాబులు, దేవుడు మనకు మేలు చేయడానికి సాధనాలుగా వాడుకున్న మనుషులు. ఈ చివరి అంశం దగ్గర కాస్త ఆగాలి. మేలుతో పాటు మేలు చేసిన మనిషి పేరు కూడా పద్దులో ఉండాలన్నమాట. ప్రమాదం ఏమిటో రాయకుండా తప్పించుకోవడం గురించి రాయడమూ కుదరదు.

ప్యూరిటన్ల కంటే చాలా ముందే ఇది ఉంది గదా, రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ తన ఆత్మచింతనల మొదటి భాగమంతా ఎవరి నుంచి ఏం పొందాడో రాయడానికే వాడాడు గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. తాతతో మొదలుపెట్టి, తల్లి, గురువులు, పెంపుడు తండ్రి, చివరికి దేవతల దాకా పదిహేడు ఖండికల్లో రాశాడు. ప్రతి ఖండికా ఒక్కొక్కరి బాకీ. కానీ అది ఒక్కసారి రాసి ముగించిన రుణపత్రం. రోజూ కూర్చుని రాసే అలవాటుగా, ఏ బిరుదులూ లేని సామాన్యుడి చేతిలోకి ఈ పని వచ్చింది పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లోనే.

అలాంటి సామాన్యుడు నెహెమయా వాలింగ్టన్. 1598లో పుట్టి 1658లో పోయాడు. లండన్‌లో ఈస్ట్‌చీప్ దగ్గర దుకాణం. కర్రను చెక్కి గుండ్రటి సామాన్లు చేసి అమ్మడం వృత్తి. 1654లో తన నోటు పుస్తకాలకు తానే ఒక జాబితా వేసుకున్నాడు; యాభై తేలాయి. ఇవాళ మిగిలినవి ఏడు. వాటిలో ఒకటి దేవుడి దయలను జ్ఞాపకం పెట్టుకోవడానికని పేరు పెట్టి రాసింది. చేతిపని చేసుకుని బతికే మనిషి ఆ కాలంలో ఇంత రాసి మిగిల్చిపోవడం చాలా అరుదు. చరిత్రకారుడు పాల్ సీవర్ 1985లో ఆయన మీద ఒక పుస్తకమే రాశాడు. అందులో కనిపించే వాలింగ్టన్ సంతోషంగా పుట్టి సంతోషంగా బతికిన మనిషి కాడు. పడుచుదనంలో దిగులు ముదిరి, ప్రాణం తీసుకోవాలన్న తలపు పదేపదే వెంటాడింది. దాన్ని ఆయన దాచలేదు, పుస్తకంలోకి ఎక్కించాడు. 1625 ప్లేగులో పసి కూతురు ఎలిజబెత్ పోయింది. అయిదుగురు బిడ్డల్లో పెరిగి పెద్దదైంది సారా ఒక్కతే. ఈ చావులూ ఈ దయలూ ఒకే చేతిరాతలో, ఒకే కాగితాల మీద ఉన్నాయి. ఇవాళ్టి కృతజ్ఞతా పుస్తకం అమ్మేవాళ్లు వాలింగ్టన్ పుటలు చూస్తే సగం కొట్టేయమంటారు. ఆ సగం కొట్టేస్తే మిగిలిన సగానికి అర్థం ఉండదు. ప్లేగు నుంచి ఇంట్లో ఎవరు బతికి బయటపడ్డారన్న పద్దు, ఎవరు బయటపడలేదన్న పద్దు పక్కన ఉంటేనే బరువుగా ఉంటుంది.

బిడ్డ పోయినప్పుడు కుమిలిపోతున్న వాలింగ్టన్‌కు భార్య గ్రేస్ చెప్పిన మాటలు ఆయన పుస్తకంలోనే ఉన్నాయి. బిడ్డను పాలు తాగించడానికి ఒక దాదికి అప్పగించామనుకో, పాలు మాన్పించాక తీసుకుపోతామంటే ఆమె ఇవ్వననడం న్యాయమా అని ఆమె అడిగింది. దేవుడు పెంచమని ఇచ్చాడు, ఇప్పుడు అడిగి తీసుకున్నాడు అని ఆమె భావం. మన ఊళ్లలో బిడ్డ పోయిన ఇంట్లో పెద్దవాళ్లు మనకూ వాడికీ అంతే ఋణం అని చెప్పే మాటకు ఇది ఎంత దగ్గరో చూడండి. పుడుతూనే బ్రాహ్మణుడు ఋషులకు, దేవతలకు, పితరులకు బాకీపడతాడని తైత్తిరీయ సంహిత చెప్పింది. ఆ ఆలోచనకు అలవాటుపడిన మనకు, పొందినదాన్ని చేబదులుగా లెక్కకట్టే గ్రేస్ ఊరట అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆమె నష్టాన్ని నష్టం కాదని చెప్పలేదు. ఆ బిడ్డ తమ చేతిలో ఉన్నన్నాళ్లూ జమ అనీ, పోవడం చెల్లు అనీ, రెండూ ఒకే ఖాతాలోవనీ చెప్పింది. వాలింగ్టన్‌కు ఆ మాటతో దుఃఖం తీరిపోయిందని నేననను. దాన్ని రాసి దాచుకున్నాడు. రాసి దాచుకోదగినంత పనికొచ్చిందన్నది మాత్రం స్పష్టం.

ఈ పద్ధతికి ఒక రోగం కూడా ఉంది. దాన్ని దాటవేస్తే వాదన నిజాయతీగా ఉండదు. బీడిల్ ఉన్న ఎసెక్స్‌లోనే ఎర్ల్స్ కోన్ అనే ఊరికి 1641 నుంచి 1683లో చనిపోయేదాకా పాదిరిగా ఉన్న రాల్ఫ్ జాసెలిన్ దినచర్య మనకు దక్కింది. 1644లో ఒక పద్దు: ముక్కు మీద తేనెటీగ కుట్టింది, వెంటనే కొండి లాగేసి తేనె రాసుకున్నాడు, ముఖం వాచలేదు, దైవకృప ఇంత చిన్న సంగతుల దాకా వస్తుందని రాసుకున్నాడు. ఇవాళ్టి ఏ కృతజ్ఞతా పుస్తకంలోనైనా ఒదిగిపోయే వాక్యం. కానీ అదే మనిషి 1648లో పదిరోజుల పసికందు పోయినప్పుడు, తాను వేళకాని వేళ చదరంగం ఆడినందుకు ఇది శిక్ష కాబోలని రాసుకున్నాడు. రెండు వైపులూ రాయడం మనిషిని కుంగదీస్తుంది, దోషభావం పెంచుతుంది, అందుకే ఆధునికులు ఒక వైపు తీసేసి మంచి పని చేశారు అని వాదించేవాళ్లకు ఇంతకంటే బలమైన ఆధారం దొరకదు. నా సమాధానం ఇది. జాసెలిన్‌ను కుంగదీసింది నష్టాన్ని రాయడం కాదు, ఆ నష్టానికి ఇంకో పద్దును కారణంగా తగిలించడం. బిడ్డ పోయిందన్నది పద్దు. చదరంగం వల్ల పోయిందన్నది తీర్పు. లెక్కల పుస్తకంలో సరుకు ఓడతో సహా మునిగిందని రాస్తారు, వర్తకుడి పాపం వల్ల మునిగిందని రాయరు. ప్యూరిటన్ దైవశాస్త్రం ఈ గీతను మాటిమాటికీ దాటింది. ఆ దాటడాన్ని తప్పుపట్టాలి, పద్దును కాదు.

ఈ గీతను చక్కగా పాటించిన నమూనా ఒక నవలలో ఉంది. డేనియల్ డిఫో 1719లో రాసిన రాబిన్సన్ క్రూసో. ఓడ మునిగి ఒంటరి దీవి మీద పడ్డ క్రూసో కొన్నాళ్లకు కాగితం కలం తీసుకుని, వర్తకులు అప్పు, జమ వేసుకున్నట్టు రెండు వరసలు గీస్తాడు. ఒకవైపు కీడు, ఒకవైపు మేలు, మొత్తం ఆరు జతలు. విడుదల లేని దీవిలో పడ్డాను, అయితే తోటివాళ్లందరూ మునిగిపోతే నేను బతికాను. బట్టలు లేవు, అయితే ఈ వేడి నేలలో ఉన్నా కట్టుకోలేను. ఇలా సాగుతుంది. ఇక్కడ మేలు కీడును కొట్టివేయడం లేదు. కీడు తన వరసలో తాను ఉంటుంది, మేలు దాని ఎదుట నిలబడుతుంది. ఎందుకు ఇలా జరిగిందన్న ప్రశ్నకు ఆ పట్టికలో చోటు లేదు. డిఫో ఊహించి రాసినా చేతికి తెలిసిన పనే రాశాడు. ఆయన స్వయంగా వర్తకుడు. 1692లో దాదాపు 17,000 పౌండ్ల అప్పుతో దివాలా తీశాడు. తరవాత వర్తకుల కోసం రాసిన పుస్తకంలో లెక్కలు సరిగ్గా రాసుకోవడం గురించి గట్టిగా చెప్పాడు. దివాలా తీసినవాడికి తెలిసే సంగతి ఒకటుంది: అప్పుల వరస చూడటానికి భయపడి జమల వరస ఒక్కటే చూసుకునే దుకాణదారే అందరికంటే ముందు మునుగుతాడు.

ఇక్కడి నుంచి ఆ రెండు వరసల పుస్తకం రెండుగా చీలింది. 1730లలో ఫిలడెల్ఫియాలో ముద్రాపకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పదమూడు సద్గుణాలు ఎంచుకుని, వారానికి ఏడు నిలువు గళ్లు ఎర్ర సిరాతో గీసి, తప్పు జరిగినప్పుడల్లా నల్లచుక్క పెట్టుకున్నాడు. ఇగ్నేషియస్ గీతల పటమే మరో రూపంలో వచ్చిందనిపిస్తుంది. ఉదయం ఈరోజు ఏ మంచి చేయాలని, సాయంత్రం ఏ మంచి చేశానని ప్రశ్నించుకునే ఏర్పాటు ఆయన దినక్రమంలో ఉన్నా, ఆ గళ్లలోకి ఎక్కినవన్నీ తప్పులే. తాను అనుకున్నదానికంటే ఎన్నో ఎక్కువ తప్పులు కనిపించి ఆశ్చర్యపోయానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. చిత్రమేమంటే, ఏదైనా తేల్చుకోవలసినప్పుడు మాత్రం ఆయన రెండు వరసలూ వాడాడు. 1772లో శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీకి రాసిన ఉత్తరంలో, కాగితాన్ని నిలువుగా రెండు చేసి అనుకూలాలు ఒకవైపు, ప్రతికూలాలు ఒకవైపు రాసి, సమానమైనవాటిని కొట్టేసుకుంటూ పోయి మిగిలినదాన్ని బట్టి నిర్ణయించుకోమన్నాడు. రెండో సగం వేరే దారిన పోయింది. 1897లో జాన్సన్ ఓట్‌మన్ అనే అమెరికన్ రాసిన, దీవెనలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోమని చెప్పే స్తోత్రగీతం లోకమంతా పాకింది. తప్పుల పటం ఆత్మోన్నతి పుస్తకాల్లోకి, దీవెనల లెక్క పాటల్లోకి వెళ్లిపోయాయి. 1995లో రోజూ కృతజ్ఞతా పద్దు రాసుకోమనే సారా బాన్ బ్రెనక్ పుస్తకం వచ్చి, టెలివిజన్‌లో ఓప్రా విన్‌ఫ్రే దాన్ని చేతబట్టుకున్నాక, కృతజ్ఞతా పుస్తకం ఇంటింటి సరుకైంది. అప్పటికి దానిలో కీడుల వరస పూర్తిగా మాయమైంది. మేలు చేసిన మనిషి పేరు రాసే నియమమూ సడలింది. వేడి కాఫీ, సాయంత్రపు ఎండ లాంటివి ఎవరి పేరూ లేకుండా పద్దులయ్యాయి.

2003లో ఈ విషయం ప్రయోగశాలకు చేరింది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో విద్యార్థులను గుంపులుగా విడదీసి, వారానికొకసారి పది వారాలపాటు ఒక గుంపును కృతజ్ఞత కలిగించిన సంగతులు, ఒక గుంపును విసిగించిన సంగతులు, మరొక గుంపును ఊరికే జరిగిన సంగతులు రాయమన్నారు. కృతజ్ఞత రాసిన గుంపు తమ జీవితం గురించి మెరుగ్గా భావించింది, రాబోయే వారం గురించి ఎక్కువ ఆశతో ఉంది. ఈ ప్రయోగాన్ని చరిత్ర తెలిసినవాడు చదివితే ఒక సంగతి కంట్లో పడుతుంది. వాలింగ్టన్ ఒక పుస్తకంలో రాసుకున్న రెండు వరసలను ఇక్కడ ఇద్దరు వేర్వేరు మనుషులకు పంచిపెట్టారు. మేళ్లు రాసినవాడికి కీడులు రాసే అవకాశం లేదు, కీడులు రాసినవాడికి మేళ్లు లేవు. రెండూ రాసే గుంపు ఆ ప్రయోగంలో లేనేలేదు. ఒక్క కీడులే రాసేవాడికంటే ఒక్క మేళ్లే రాసేవాడు హాయిగా ఉంటాడని తేలడం సహజమే. మూడు వందల ఏళ్ల పాత పద్ధతిని అది పరీక్షించలేదు.

సైన్సు ఇంతగా నిరూపించాక చరిత్ర పేరు చెప్పి గొణగడం దేనికని కొందరు అడగవచ్చు. నిరూపించిన దాని కొలత ఏమిటో చూడాలి. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం రోజూ మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో ఒక వారంపాటు రాయిస్తే ఆ మేలు ఆరు నెలలదాకా కనిపించింది. కానీ ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి తూచిన 2016 నాటి సమీక్షలో, కృతజ్ఞతా అభ్యాసాలు ఏమీ చేయకుండా ఉండటంకంటే మేలేగానీ మనసుకు పనిచెప్పే ఇతర అభ్యాసాలకంటే మేలని తేలలేదు. 2021లో వచ్చిన మరో సమీక్ష దిగులు, ఆందోళనల మీద వీటి ప్రభావం చిన్నదేనని తేల్చింది. ఇంకోవైపు, జేమ్స్ పెన్‌బేకర్ 1986 నుంచి చేసిన పరిశోధనలు సరిగ్గా తెగ్గొట్టిన ఆ రెండో వరస గురించే. తమను గాయపరిచిన సంఘటనల గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, ఆ సంఘటనలనూ వాటి వెనక బాధనూ కలిపి రాసిన విద్యార్థులు తరవాతి నెలల్లో ఆసుపత్రికి తక్కువసార్లు వెళ్లారు. 2008లో మిన్‌క్యుంగ్ కూ, ఆమె సహ పరిశోధకులు మరో సంగతి చూపారు. ఒక మంచి సంఘటన ఎలా జరిగిందో రాసినవాళ్లకంటే, అది జరగకుండా పోయే అవకాశం ఎంత ఉండేదో రాసినవాళ్లకే ఎక్కువ ఆనందం కలిగింది. పోయి ఉండేదన్న ఊహే ఉన్నదానికి విలువ కట్టింది. క్రూసో పట్టికలో మొదటి జత చేసే పని ఇదే. మనస్తత్వశాస్త్రం రెండు వరసలనూ వేర్వేరు గదుల్లో మళ్లీ కనిపెట్టింది, వాటిని ఒకే పుటకు మాత్రం తేలేదు.

మేళ్లను బాకీగా చూడటమే తప్పు, అది దేవుడితోనూ మనుషులతోనూ బేరం ఆడటం, కృతజ్ఞత లెక్కలకు అందదు అన్న అభ్యంతరం నిజంగా గౌరవించదగ్గది. సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఫ్రాంక్లిన్ పట్టికనూ ప్యూరిటన్ల ఆధ్యాత్మిక లెక్కల పుస్తకాన్నీ పెట్టుబడిదారీ మనస్తత్వానికి గుర్తులుగా చూపించాడు. కానీ దేవుడితో లెక్కలు మాట్లాడేవాడు తప్పనిసరిగా వ్యాపారి కానక్కర్లేదు. బీడిల్ పుస్తకం వచ్చిన శతాబ్దంలోనే గోల్కొండ రాజ్యంలో పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, తానీషా ఏలుబడిలో చెరసాల పాలయ్యాడు. ఆయన ఇక్ష్వాకు కులతిలక కీర్తన ఒక ఖర్చుల పట్టీ. ఎవరెవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎన్ని మొహరీలు పట్టాయో రెవెన్యూ ఉద్యోగి కచ్చితత్వంతో రాముడి ముందు పెట్టాడు. వాలింగ్టన్ దేవుడు తనకిచ్చింది రాస్తే, గోపన్న తాను దేవుడికి పెట్టింది రాశాడు. అంత లెక్క అడిగిన కీర్తనను ఎవరూ బేరం అనుకోలేదు. చనువు అనుకున్నారు, భక్తి అనుకున్నారు. అదే భద్రాచలానికి ఏ పద్దూ లేకుండా నామం మాత్రం రాసిన రామకోటి పుస్తకాలూ చేరుతాయి. లెక్క లేని భక్తికి చోటుంది, లెక్క అడిగే భక్తికీ చోటుంది. పరాయివాడితో లెక్క మర్యాదగా ముగిసిపోతుంది. ప్రాణంలో ప్రాణమైనవాడితోనే నువ్వేం చేశావు, నేనేం చేశానని తెగేదాకా మాట్లాడుకుంటాం.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఉన్నదానికి సంతోషించమని చెప్పడం పేదవాణ్ని నోరెత్తకుండా చేసే మందు, జీతం పెంచని యజమాని ఉద్యోగులకు కృతజ్ఞతా పుస్తకాలు పంచిపెట్టవచ్చు అంటారు. ఒక వరసే ఉన్న పుస్తకం విషయంలో ఈ భయం పూర్తిగా సబబు. అందులో అన్యాయం రాయడానికి గడి ఉండదు గనక. వాలింగ్టన్ జీవితం వేరే సాక్ష్యం చెబుతుంది. దయల పుస్తకం రాసిన ఈ దుకాణదారును, ప్రభుత్వం నిషేధించిన పుస్తకాలు పెట్టుకున్నాడని 1630ల చివర స్టార్ చాంబర్ న్యాయస్థానం పిలిపించి విచారించింది. 1641 మే నెలలో రాజు మంత్రి స్ట్రాఫర్డ్‌కు శిక్ష వేయాలంటూ వెస్ట్‌మిన్‌స్టర్‌కు పోటెత్తిన జనంలో ఆయన ఉన్నాడు, ఆ గుంపు గురించి రాసి పెట్టుకున్నాడు కూడా. ఆయన కాలపు పార్లమెంటు కృతజ్ఞతా దినాలతో పాటు ఉపవాస దినాలనూ ప్రకటించేది. దేశానికి జరిగిన మేలుకు ఒక రోజు, తగిలిన దెబ్బకు ఒక రోజు. కృతజ్ఞత ఆ మనుషులను మెత్తబరచలేదు. ఏది దయగా దొరికిందో రాసుకునే చెయ్యి దేన్ని అన్యాయంగా లాక్కున్నారో కూడా రాసుకుంది, దాన్ని వెనక్కి ఇమ్మని అడగడానికి వీధిలోకీ వచ్చింది.

చివరిగా, బీడిల్ కాలపు పుస్తకంలో కొంత, జపాన్‌లో పూర్తిగా తేలిన ఒక మూడో వరస గురించి చెప్పాలి. ఇషిన్ యోషిమోతో (1916–1988) అనే జపాన్ బౌద్ధుడు తన శాఖలోని కఠినమైన ఆత్మపరీక్షను సడలించి నైకాన్ అనే పద్ధతి చేశాడు. సాధకుడు వారంపాటు కూర్చుని, తల్లితో మొదలుపెట్టి ఒక్కొక్క మనిషి గురించి మూడు ప్రశ్నలు వేసుకుంటాడు: ఈమె నుంచి నేనేం పొందాను, ఈమెకు నేనేం తిరిగి ఇచ్చాను, ఈమెను నేను ఏం ఇబ్బంది పెట్టాను. 1950ల నుంచి జపాన్ జైళ్లలో ఖైదీలకూ దీన్ని నేర్పారు. ఈమె నన్ను ఏం ఇబ్బంది పెట్టిందన్న నాలుగో ప్రశ్న మాత్రం అడగరు, కావాలనే తీసేశారు. నిజంగా హింసపడ్డవాడి విషయంలో ఆ ప్రశ్న తీసేయడం అన్యాయమని నాకనిపిస్తుంది. వాలింగ్టన్ పుస్తకంలో దానికి చోటుంది. కానీ రెండో ప్రశ్న, తిరిగి ఇచ్చింది ఏమిటన్నది, ఇవాళ అమ్మకానికి ఉన్న కృతజ్ఞతా పుస్తకాల్లో కనిపించదు. పొందడంతోనే పద్దు ముగిసిపోతుంది, చెల్లింపు ఉండదు. వాలింగ్టన్ యువకుడిగా ఉన్నప్పుడు తన నడవడికి నియమాలు రాసుకుని, ఒక్కో నియమం తప్పినప్పుడు పేదల హుండీలో ఒక చిన్న నాణెం వేయాలని కూడా రాసుకున్నాడు. ఆయన చిట్టాలో ఖర్చు వైపు రాసింది, ఈస్ట్‌చీప్‌లో తనకంటే లేనివాడి చేతికి చేరే నిజమైన డబ్బు.